మూగజీవికి జబ్బు చేస్తే



"కుక్క రెండురోజులుగా తిండి ముట్టడం లేదు. పిల్లల ఫీజులకే డబ్బు లేదు, దీనికెక్కడినుండి తెచ్చేది?" ఈ మాట మన పల్లె ఇళ్లలో కొత్తది కాదు. అందులో ఉన్నది లేమియే గాని నిర్దయ కాదు. అయినను, ఇంతకాలం వాకిలి కాచిన ప్రాణి మూలన పడి మూలుగుతుంటే మనమేమి చేస్తామో పిల్లలు గమనిస్తూనే ఉంటారు. తన ఇంటి పశువుపై కనికరము నీతిమంతుని గుర్తులలో ఒకటని సామెతలు 12:10 మనకు నేర్పుతున్నది. కనికరించుటకు ధనవంతులమే కానక్కరలేదు.

ఖర్చు పెరిగేది చాలాసార్లు ఆలస్యము వలననే. కుక్కపిల్లకు వాంతులతోపాటు రక్తవిరేచనాలు అవుతుంటే అది పార్వో కావచ్చు. ఒక్కరోజు జాగు చేసినా ప్రాణం దక్కకపోవచ్చు. ముందే టీకా వేయిస్తే అయ్యే ఖర్చు, తరువాత సెలైను సీసాలకు అయ్యే ఖర్చులో కొంచెమే.

మొదట దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లండి. అది గేదెలకు, గొర్రెలకు మాత్రమే అనుకోవద్దు. కుక్కను, పిల్లిని కూడా చూస్తారు. పాడిపశువులకు, మేకలకు, గొర్రెలకు జబ్బు చేస్తే 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ సంచార వైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలయ్యాయి. జబ్బు ముదిరితే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నవి.

డాక్టరు దగ్గర మొగమాటపడవద్దు. "అయ్యా, మా దగ్గర ఇంతే ఉంది. వీటిలో తప్పనిసరి మందు ఏది?" అని అడగండి. తిండి ఎప్పుడు మానింది, వాంతులు ఎన్నిసార్లు అయ్యాయి అన్నది గుర్తుంచుకొని చెప్పండి. మనుషుల మాత్రలు మాత్రం వేయకండి. పారాసిటమాల్ పిల్లి ప్రాణము తీస్తుంది.

మరొక హెచ్చరిక. కుక్క చొంగ కారుస్తూ, మింగలేక, తీరు మారి ఉంటే గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టవద్దు. అది రేబిస్ కావచ్చు. కరచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ప్రభుత్వాసుపత్రిలో సూది మందు వేయించుకోండి. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక బాలునికి ఈ టీకా ఇప్పించిన జూలై 6వ తేదీన, ఏటా అనేక పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. సంఘంలోని స్త్రీల సమాజం వారు ముందుగా డాక్టరుగారిని కలిసి, ఆ దినమున ఊరి కుక్కలన్నిటిని తీసుకువెళ్లే ఏర్పాటు చేస్తే ఎంత మేలు!

ఇక బ్రతకదని డాక్టరు చెప్పినప్పుడు దానిని ఊరి బయట వదిలివేయకండి. నీడన పడుకోబెట్టి, త్రాగగలిగితే నీళ్లు పెట్టండి. బిడ్డ దానికొరకు ప్రార్థన చేస్తే నవ్వకండి, తోడుగా మోకరించండి. పిచ్చుక నేలరాలుటను ఎరిగిన తండ్రికి ఆ ప్రార్థన చిన్నది కాదు.