సగం దెబ్బ ఎవరి కోసం?

"బార్బేరియన్‌కి ఆ డ్యామేజ్ రెసిస్టెన్స్ శుద్ధ దండగ. దాని బదులు దెబ్బకి ఇంకో నాలుగు పాయింట్లు కలిపితే శత్రువే ముందు చస్తాడు కదా!"

ఈ మాట మా బల్ల దగ్గర ఇప్పటికి ముగ్గురు అన్నారు. ముగ్గురూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ఒక మహానుభావుడైతే ఎక్సెల్ షీటు కూడా పట్టుకొచ్చాడు :) ఇక ఊరుకుంటే లాభం లేదనిపించి ఈ టపా రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనేది బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసుకుంటూ, కథ చెప్పుకుంటూ ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు (డంజియన్ మాస్టర్, పొట్టిగా డీఎం), మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర వేస్తారు. మా ఆట శనివారం రాత్రుళ్ళు ఫిల్మ్ నగర్‌లో ఒక స్నేహితుడి ఫ్లాట్‌లో. డీఎంని నేనే. ఆడేది నలుగురు ఐటీ వాళ్ళు, ఒక అసిస్టెంట్ డైరెక్టరు. ఆ ఐదోవాడి సావాసం వల్ల ఇందులో సినిమా గోల కాస్త ఎక్కువే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

ఇక బార్బేరియన్ సంగతి. వీడు పూనకం వచ్చే యోధుడు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రకారం పూనకంలో ఉన్నంతసేపూ కత్తి వేటు, బాణం పోటు, గద దెబ్బ, ఈ మూడు రకాలూ వీడికి సగమే తగులుతాయి. 2024లో సవరించి వేసిన పుస్తకంలో కూడా ఈ సగం సగంగానే ఉంది.

అంతకుముందు ఇలా ఉండేది కాదు. 2003 నాటి మూడున్నర ఎడిషన్‌లో బార్బేరియన్‌కి ఏడో లెవెల్లో ప్రతి దెబ్బలోనూ ఒక్క పాయింటు తగ్గేది. మూడేసి లెవెళ్ళకి ఒక పాయింటు చొప్పున పెరిగి పందొమ్మిదో లెవెల్‌కి ఐదయ్యేది. పదో లెవెల్లో ఫైర్ జెయింట్ ఎదురైతే సగటున పాతిక పాయింట్ల వేటు వేస్తాడు, అందులో మీకు మినహాయింపు రెండు. పండక్కి చీరల కొట్టువాడు ఇచ్చే డిస్కౌంటు కూడా ఇంతకంటే నయం. ఆ ఎడిషన్‌ని పట్టుకుని ఎవరైనా దండగ అంటే నేను అడ్డం చెప్పను. కానీ మావాళ్ళు తిడుతున్నది ఆ పాత రెండు పాయింట్లని కాదు, ఇప్పటి సగాన్ని.

సరే, ఎక్సెల్ షీటు భాషలోనే మాట్లాడుకుందాం. పదో లెవెల్ బార్బేరియన్, ఒంట్లో 105 హిట్ పాయింట్లు. ఎదురుగా ఐదో ఎడిషన్ ఫైర్ జెయింట్, దెబ్బకి సగటున 28, ఒక్కో రౌండుకి రెండు దెబ్బలు, అంటే 56. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇద్దరివీ అన్ని దెబ్బలూ తగులుతున్నాయనీ, మనవాడే ముందు కొడుతున్నాడనీ అనుకుందాం. మనవాడిది రెండు చేతుల కత్తి, పూనకంలో దెబ్బకి 14, రౌండుకి రెండు. రెసిస్టెన్స్ ఉంటే జెయింట్ వల్ల రౌండుకి పోయేది 28 మాత్రమే, కాబట్టి నాలుగో రౌండులో పడతాడు. ఈలోగా 112 పాయింట్లు కొట్టేసి ఉంటాడు. రెసిస్టెన్స్ తీసేసి మావాళ్ళు అడిగిన నాలుగు పాయింట్లు కలపండి. దెబ్బ 18 అవుతుంది, కానీ మనిషి రెండో రౌండులోనే పడిపోతాడు. కొట్టింది మొత్తం 72. జెయింట్ ఒంట్లో ఉన్నది 162. ఏ లెక్కన ముందు చస్తాడండీ వాడు? "ముందే చంపెయ్యాలి" అనే సూత్రం చచ్చేవాళ్ళ మీదే పనిచేస్తుంది. గట్టి శత్రువు దగ్గర నిలబడగలగడమే పెద్ద ఆయుధం.

ఇంతవరకూ తేలికే. రెండో వాదన ఉంది చూశారూ, అది నిజంగా గట్టిది. "తెలివైన రాక్షసుడు బార్బేరియన్‌ని కొట్టడు. పక్కనుంచి వెళ్ళి వెనకాల ఉన్న విజార్డుని కొడతాడు. కొట్టనివాడికి రెసిస్టెన్స్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

నిజమే. అదే జెయింట్ 62 పాయింట్ల విజార్డు మీద పడితే మొదటి రౌండుకి మిగిలేది ఆరు. రెండో రౌండుకి మనిషే ఉండడు. బార్బేరియన్ మాత్రం ఒంటి మీద గీత పడకుండా, 105కి 105తో, శవం పక్కన నిలబడి ఉంటాడు. షీటులో చూస్తే వాడి నంబర్లు అద్భుతం!

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. దెబ్బ ఎక్కడికీ మాయమైపోదు, మనిషి మారుతుంది అంతే. జెయింట్ 56 పాయింట్లు ఎవరో ఒకరి మీద దించుతాడు. బార్బేరియన్ మీద దించితే మన జట్టుకి పడేది 28, ఇంకెవరి మీద దించినా 56. ఆ సగం తగ్గింపు వాడి సొంత ఆస్తి కాదు, జట్టు మొత్తానిది. వాడు దెబ్బకి ఎదురెళితేనే అది చేతికొస్తుంది. దాచుకుంటే చెల్లదు. కాబట్టి "నాకెంత దెబ్బ తప్పింది" అని లెక్కేసే బార్బేరియన్‌కి ఈ శక్తి దండగే. "నా వెనకాల వాళ్ళకెంత తప్పింది" అని లెక్కేసేవాడికి ఆటలో ఇంతకంటే విలువైనది లేదు.

ఆట రాసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. రెండో లెవెల్లోనే బార్బేరియన్‌కి ఒక తెగింపు దెబ్బ ఇచ్చారు. దాంతో వీడు గురి బాగా కుదిరి కొట్టొచ్చు, బదులుగా శత్రువుకి కూడా వీడి మీద గురి బాగా కుదురుతుంది. మావాళ్ళు దీన్ని లోపం అంటారు. నేను దాన్ని "దమ్ముంటే నన్ను కొట్టు" అనే పిలుపు అంటాను. 2014 నియమం ఇంకోటి ఉంది: ఒక రౌండు పాటు ఎవర్నీ కొట్టకుండా, దెబ్బా తినకుండా గడిపితే పూనకం దిగిపోతుంది. అంటే పోట్లాటకి దూరంగా ఉండేవాడికి రెసిస్టెన్స్ లేదు. 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్‌లో అయితే పూర్వీకుల ఆత్మలు కాపలా కాసే బార్బేరియన్ని పెట్టారు. వాడు ఎవడి మీద ముందు చెయ్యేస్తే ఆ శత్రువుకి వేరేవాళ్ళ మీద గురి తప్పుతుంది. ఒకవేళ తగిలినా ఆ వేరేవాళ్ళకి సగమే. రెసిస్టెన్స్ అసలు ఎవరి కోసమో ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు?

ఇప్పుడు మావాళ్ళ మూడో కోరిక. "సగం ఎందుకు, పూర్తిగా తగలకుండా చెయ్యొచ్చుగా?" ఇది అడిగింది మా అసిస్టెంట్ డైరెక్టరు. ఆశ్చర్యం ఏముంది, ఫిల్మ్ నగర్‌లో తయారయ్యే హీరోలు చాలామంది అలాంటివాళ్ళే కదా! 2003 నాటి పల్నాటి బ్రహ్మనాయుడులో హీరో తొడ కొడితే రైలే వెనక్కి వెళ్ళింది. గాంధారి చూపుతో దుర్యోధనుడి ఒళ్ళంతా వజ్రమైందనీ, తొడలు మాత్రం మామూలుగా మిగిలాయనీ జనం చెప్పుకునే కథ. మన హీరోలు సరిగ్గా ఆ తొడనే చరిచి మరీ సవాలు చేస్తారు :)

నవ్వులాటకి అన్నా, దీని వెనకాల ఒక నష్టం ఉంది. దెబ్బ మాయం కాదు, మనిషి మారుతుంది అన్నాను కదా, తెరమీద కూడా అంతే. హీరోకి తగలదని టికెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు. అయినా ప్రేక్షకుడు బాధపడాలి. అప్పుడు రచయిత ఏం చేస్తాడు? ఆ దెబ్బ తీసుకెళ్ళి చెల్లెలికి వేస్తాడు. స్నేహితుడికి వేస్తాడు. ఫ్లాష్‌బ్యాక్‌లో ఇంకో హీరోయిన్‌కి వేస్తాడు. హీరో ఒంటికి పూర్తి రక్షణ ఇచ్చిన పాపానికి చుట్టూ ఉన్నవాళ్ళందరూ హిట్ పాయింట్లు లేని బొమ్మలైపోతారు. నా ఆటలో విజార్డు చచ్చిపోయి బార్బేరియన్ నిక్షేపంగా నిలబడ్డం లాంటిదే ఇది కూడా.

దీనికి తిరుగు కూడా ఆ వీధుల్లో తయారైన సినిమాల్లోనే ఉంది. మగధీర (2009)లో భైరవ వందమందిని ఇరుకు దారిలో ఆపుతాడు. ఒళ్ళంతా గాయాలవుతాయి. అక్కడ జనం ఈలలేసింది గాయం కానందుకు కాదు, అయినా దారి వదలనందుకు. ఆర్ఆర్ఆర్ (2022)లో భీముణ్ణి కొరడాతో కొట్టే సన్నివేశం చూడండి. ప్రతి దెబ్బా తగులుతుంది, నెత్తురు కారుతుంది, మోకాలు మాత్రం వంగదు. చూస్తున్న జనం తిరగబడేది అందుకే. బార్బేరియన్ అంటే వాడండీ! ఆ కొరడా తగలగానే ముక్కలైపోయి ఉంటే ఆ సన్నివేశం ఏమయ్యేది?

ఇంకా కావాలంటే ఈగ (2012). ఒక్క హిట్ పాయింటు ఉన్న హీరో. రెసిస్టెన్స్ సున్నా. చేత్తో చరిస్తే చస్తాడు. అయినా ఉత్కంఠకి ఏం తక్కువైంది? ఎంత చిన్న దెబ్బైనా తగిలే అవకాశం ఉంది కాబట్టే ప్రతి క్షణం కుర్చీ అంచున కూర్చున్నాం. మర్యాద రామన్న (2010)లో హీరోకి రక్షణ ఒంటికి లేదు, ఇంటి గడపకి ఉంది. లోపలున్నంతసేపు చంపరు, గడప దాటితే చంపుతారు. ఆ రక్షణకి హద్దు ఉంది కాబట్టే సినిమా అంతా నడిచింది. కర్ణుడి కవచకుండలాలు కూడా అంతే. పుట్టుకతో వచ్చిన రక్షణ కాబట్టి కాదు మనం కర్ణుణ్ణి తలుచుకునేది, దాన్ని ఒలిచి ఇచ్చేశాడు కాబట్టి.

తెర వెనకాల ఇదే సూత్రం ఇంకా కఠినంగా ఉంటుంది. హీరోకి తగలని దెబ్బ ఎవరో ఫైటరుకి తగులుతుంది, అదీ నిజంగా. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి కాస్త దిగి కృష్ణానగర్ వెళితే టీ కొట్ల దగ్గర అలాంటివాళ్ళు కనబడతారు. మా ఐదోవాడు చెబుతుంటాడు, ఒక షాట్‌లో గాల్లోకి ఎగిరి బల్ల మీద పడ్డ మనిషి రెండో టేకుకి కూడా అదే బల్ల మీద పడాలని. పాచికలు వేసి సగం చేసుకునే వీలు వాళ్ళకి లేదు. 2025 జులైలో తమిళనాడులో ఒక సినిమా షూటింగులో కారు పల్టీ కొట్టించే స్టంటు చేస్తూ ఒక స్టంట్ కళాకారుడు ప్రాణమే పోగొట్టుకున్నాడు. తెర మీద హీరో చొక్కా నలగకపోవడానికి ఎవరి ఎముకలు ఖర్చవుతున్నాయో అడగటం తప్పు కాదు.

మనకేం, మనం ఏసీలో కూర్చుంటాం అనుకుంటున్నారా? మన ఆఫీసుల్లో కూడా బార్బేరియన్లు ఉంటారు. రాత్రి పదకొండింటికి ప్రొడక్షన్ పడిపోయి క్లయింటు కాల్‌లో అరుస్తుంటే, తను తిట్లు తిని టీమ్‌కి "పొద్దున్న చూద్దాం, పడుకోండి" అని సగం కూడా చేరనివ్వని లీడు ఒకరుంటారు. ఇంకో రకం కూడా ఉంటారు. నేను పనిచేసిన ఒక చోట ఒకాయన మీద ఏ తప్పూ నిలిచేది కాదు, ప్రతి తిట్టూ ఆయన్ని తాకకుండా జారి నేరుగా కొత్తగా చేరిన పిల్లల మీద పడేది. ఏడాది చివర అప్రైజల్ షీటులో ఎవరి నంబర్లు బాగుంటాయో నన్ను అడక్కండి. మన ఎక్సెల్ షీట్లలో తిన్న దెబ్బలకి కాలమ్ ఉండదు. అందుకే మావాళ్ళ షీటులో కూడా బార్బేరియన్ దండగమారి వాడిలా కనిపించాడు.

కాబట్టి ఆడేవాళ్ళకి ఒక మాట: బార్బేరియన్ తీసుకుంటే గుమ్మంలో నిలబడండి. ఇరుకు దారి వెతకండి. వదిలేసి వెళ్ళేవాణ్ణి ఆపే సెంటినెల్ లాంటి ఫీట్ తీసుకోండి. హిట్ పాయింట్లు నిండుగా మిగిలాయని మురిసిపోకండి, అవి ఖర్చు పెట్టడానికే ఇచ్చారు.

నాలాంటి డీఎంలకి: బార్బేరియన్‌ని కొట్టండి సార్. వాడికి సగమే తగులుతుందని తెలిసీ కొట్టండి. ప్రతి రాక్షసుడూ చదరంగం ఛాంపియన్‌లా విజార్డుని వెతుక్కుంటూ పోతే, ముందు నిలబడటానికి వచ్చిన ఆటగాణ్ణి మీరు బల్ల దగ్గర నుంచి లేపేసినట్టే.

ఇక ఫిల్మ్ నగర్‌లో కథలు రాసే మిత్రులకి: మీ హీరోకి సగం ఇవ్వండి, సున్నా ఇవ్వకండి. మిగిలిన సగం వాణ్ణి తిననివ్వండి. ఆ చెల్లెలి పాత్రని ఈసారికి బతకనివ్వండి.