పంటి చికిత్సకు మత్తు: అనుమతి ఎంతవరకు?

పంటినొప్పి కన్నా పంటి వైద్యుని కుర్చీయే కొందరిని ఎక్కువగా భయపెడుతుంది. లవంగం నమిలి, మందుల దుకాణంలో మాత్ర కొని రోజులు గడుపుతారు. ఈలోగా పుప్పి వేరుకు దిగి చీము పడుతుంది, దవడ వాస్తుంది. ఒక పూటలో తీరవలసిన బాధ ఆసుపత్రి మంచం దాకా తీసుకుపోతుంది.

భయపడటం విశ్వాస లోపం కాదు. చేతికర్ర సర్పమై కదలినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) సైతం భయపడ్డారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. అల్లాహ్ ఆయనను నిందించలేదు, ధైర్యం చెప్పాడు. భయపడే రోగి పట్ల మన వైఖరీ అదే కావాలి.

తాడేపల్లికి చెందిన ఒక సోదరి మమ్మల్ని ఇలా అడిగారు: "మా ఎనిమిదేళ్ల బాబుకు రెండు దవడపళ్లు పుచ్చిపోయాయి. సూది చూస్తే నోరు తెరవడు. మత్తు ఇచ్చి చేస్తామని డాక్టరు గారు అంటున్నారు. మత్తు హరామ్ కదా అని ఇంట్లో పెద్దలు ఆపుతున్నారు. మేమేం చేయాలి?"

విలాసం కోసం సేవించే మత్తు వేరు, బాధ తొలగించేందుకు వైద్యుడు కొలిచి ఇచ్చే మందు వేరు. కుళ్లిన చేతిని తొలగించడానికి స్పృహ పోగొట్టవలసి వస్తే అది సమ్మతమేనన్న అభిప్రాయాన్నే ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) సరైనదిగా పేర్కొన్నారు. కాలు తొలగించే వేళ హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ స్పృహ పోగొట్టే మందు వద్దన్నారన్న ఉదంతాన్ని కొందరు గుర్తుచేస్తారు. అది ఆ మహనీయుని సహనం. పసిబిడ్డపై మోపదగిన శాసనం కాదు.

అయితే అవసరం ఎంతో అనుమతీ అంతేనన్నది ధర్మశాస్త్ర సూత్రం. చిన్న మెట్టుతో పని జరిగితే పెద్ద మెట్టు ఎక్కనక్కరలేదు.

మొదటి మెట్టు ఓర్పుగా మాట్లాడటం, చిగురుకు పూత మందు రాసి ఇంజెక్షన్ ఇవ్వడం. మనవారు దీన్ని మత్తు ఇంజెక్షన్ అంటారు గాని, తెలివి తప్పదు; ఆ చోటు మాత్రమే మొద్దుబారుతుంది. చాలామందికి ఇది చాలు. రెండవది ముక్కుకు తొడుగు పెట్టి ఆక్సిజన్‌తో కలిపి నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్పించడం. రోగి మేల్కొనే ఉంటాడు, భయం తగ్గుతుంది; వాయువు ఆపి ఆక్సిజన్ పీల్పిస్తే కొద్ది నిమిషాల్లోనే తేరుకుంటాడు. జలుబుతో ముక్కు మూసుకుపోతే ఇది పనిచేయదు. మూడవది నోటి ద్వారా ఇచ్చే మందు. మింగిన తరువాత మోతాదు సర్దలేరు, మగత గంటల తరబడి ఉండవచ్చు. కనుక ఇంట్లో సొంత అంచనాతో ఎన్నడూ ఇవ్వరాదు. నాలుగవది నరం ద్వారా ఇచ్చేది. మోతాదు కొద్దికొద్దిగా సర్దవచ్చు, కాని శిక్షణ పొందినవారు పక్కనే ఉండాలి. చివరిది పూర్తి మత్తు. మరీ పసిపిల్లలకు, ఒకేసారి అనేక పళ్లకు చికిత్స కావలసినవారికి, మత్తు వైద్యుడున్న ఆసుపత్రిలోనే ఇది తగును.

మత్తులో ఊపిరి కనిపెట్టడం ఎంత ముఖ్యమో మన హైదరాబాదు చరిత్రే చెబుతుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో 1888, 1889లలో అక్కడ క్లోరోఫారమ్ కమిషన్లు పరిశోధించాయి. శ్వాసను గమనించండన్నది వారి హెచ్చరిక. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చని తరువాత తేలింది. కనుక "శ్వాసను, నాడిని ఎవరు చూస్తుంటారు? ఆక్సిజన్ సిద్ధంగా ఉందా?" అని అడగడం మర్యాదకు భంగం కాదు. జవాబు సూటిగా రాకపోతే మరోచోట చూపించండి. కృష్ణ దాటితే విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఇటు మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి.

వైద్యుని వద్ద నిజం దాచరాదు. ఉబ్బసం, గురక, గర్భం, వాడుతున్న మందులు అన్నీ చెప్పాలి. పూర్తి మత్తుకు ముందు సాధారణంగా ఆరు గంటలు ఆహారం, రెండు గంటలు నీరు కూడా మానమంటారు. బిడ్డ ఆకలిని చూడలేక చాటుగా బిస్కెట్టు పెడితే, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. స్త్రీలకు మత్తు ఇచ్చే వేళ మహ్రమ్ గాని మరో స్త్రీ గాని తోడుండాలి. మగత తీరేదాకా బండి నడపరాదు.

ఇక ఆరాధనలు. చిగురు మొద్దుబారినంత మాత్రాన వుజూ భంగం కాదు. స్పృహ తప్పితే భంగమవుతుంది. హనఫీ మతం ప్రకారం ఉమ్మిలో రక్తం అధికమైనా వుజూ పోతుంది. వీలైతే నమాజు చేసుకుని కుర్చీ ఎక్కండి. ఏం పలుకుతున్నామో తెలియని మగతలో నమాజుకు నిలబడవద్దు, తేరుకున్నాక చేయండి. రంజాన్‌లో చికిత్స ఆగగలిగితే ఇఫ్తార్ తరువాత చేయించుకోవడం మేలు. ఆగలేనిదైతే చేయించుకోండి, రోజా విరిగితే ఖజా ఉంది.

ఆ సోదరికి, ఆమె ఇంటి పెద్దలకు మేము చెప్పేది ఇదే: బిడ్డకు చికిత్స ఆపకండి, అతనికి ఏ మెట్టు చాలునో వైద్యునితో కలిసి నిర్ణయించండి. చికిత్స చేయించుకోవడం దైవప్రవక్త (స) బోధనే. అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వారిని చూసుకునేవారికి వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.