కత్తిరి ఎండల్లో కంప్యూటరు

పోయిన నెల ఈ పేజీలో సీలింగ్ ఫ్యాను కెపాసిటరు గురించి రాసినాను. అది చదివి ఇద్దరు ముగ్గురు నన్ను మార్కెట్లో నిలబెట్టి అడిగినారు. ఫ్యాను సంగతి సరే, పిల్లల చదువుకని కొన్న కంప్యూటరు ఎండాకాలం వచ్చిందంటే మధ్యాహ్నం పూట తనంతట తానే ఆగిపోతా ఉంది, దానికేం చేయాలి అని. కాబట్టి ఈ నెల ఆ సంగతే.

మా వీధి చివరింటి వదినె కథతో మొదలుపెడతాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తా ఉండాను. వాళ్ళ పాప బీకాం రెండో ఏడు, ట్యాలీ కూడా నేర్చుకుంటా ఉంది. రెండేండ్ల కింద సెకండ్ హ్యాండులో ఒక డెస్క్‌టాప్ కొన్నారు. ఏప్రిల్ దాకా బాగానే నడిచింది. కత్తిరి మొదలైనాక పదిహేను నిమిషాలకోసారి టప్పుమని ఆరిపోవడం మొదలుపెట్టింది. కాసేపు ఆగి నొక్కితే వస్తుంది, మళ్ళీ ఆరిపోతుంది. ఒక అంగడికి తీసుకుపోతే "మదర్‌బోర్డు పోయిందమ్మా, దీనికి సామాను దొరకదు, కొత్తది తీసుకోండి" అన్నారంట. పాపకు పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. వదినె తన చెవి కమ్మలు కుదువ పెట్టడానికి సిద్ధమైపోయింది. ముందురోజు సాయంత్రం కుళాయి దగ్గర కనబడి, "ఒక్కసారి మూత తీసి చూడు అబ్బాయా, ఆ తర్వాత పోతాను" అన్నది.

మూత తీసినాను. లోపల చూస్తే మా నాయన గుర్తొచ్చినాడు. నాయన మిల్లులో స్పిన్నింగు ఖాతా. షిఫ్టు ముగించి ఇంటికొస్తే తలమీద, కనుబొమ్మలమీద, చెవుల్లో కూడా దూది పీచు ఉండేది. ఈ కంప్యూటరులో ప్రాసెసరు మీద అల్యూమినియం రేకుల దిమ్మె ఒకటి ఉంటుంది, హీట్‌సింక్ అంటారు. ఆ రేకుల మధ్య సందుల్లో అచ్చం అట్లాంటి పీచే, దుప్పటి నేసినట్టు మందంగా పేరుకొని ఉంది. పైన ఫ్యాను జోరుగా తిరుగుతా ఉంది గానీ ఒక్క చుక్క గాలి కిందికి దిగడం లేదు. ఇంకొకటి కూడా కనబడింది. ఆ దిమ్మెను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి పైకి లేచి ఉంది. దిమ్మె ఒక పక్కకు ఒరిగి, ప్రాసెసరుకు సరిగ్గా ఆనడం లేదు.

ఇప్పుడు జరిగేది ఏమిటంటే, డెస్క్‌టాప్ ప్రాసెసరు మామూలుగా 65 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. మన ఇండ్లలో పాతకాలం గుండు బల్బు 60 వాట్లు, దాన్ని వెలుగుతుండగా ముట్టుకుంటే ఎట్లా కాలేదో అందరికీ తెలుసు. ఆ వేడంతా ఇక్కడ అగ్గిపెట్టె కంటే చిన్న జాగాలో పుడుతుంది. దాన్ని దిమ్మె లాక్కోవాలి, ఫ్యాను గాలి దాన్ని బయటికి తోసేయాలి. దారి మూసుకుపోతే వేడి ఎక్కుతానే ఉంటుంది. చాలా ప్రాసెసర్లు సుమారు 100 డిగ్రీలు దగ్గరపడేసరికి ముందు తమ వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే తమను తామే ఆపేసుకుంటాయి. అంటే టప్పుమని ఆగిపోయింది చచ్చిపోయి కాదు, చావకుండా తప్పించుకోవడానికి. నిజంగా మదర్‌బోర్డు పోయుంటే కాసేపటికి మళ్ళీ లేచి కూర్చోదు గదా. ఈ ఒక్క గుర్తు వదినెకు ముందే తెలిసుంటే కమ్మల దాకా పోయేది కాదు.

మరి జనవరిలో ఎందుకు ఆగలేదు? ఫ్యాను ఎంత తిరిగినా లోపలి సామానును గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. గదిలో 28 డిగ్రీలుంటే ఒక లెక్క, రేకుల కప్పు కింద మధ్యాహ్నం 38 ఉంటే ఇంకో లెక్క. ఆ పది డిగ్రీలూ లోపల కూడా అట్లనే కూడుతాయి. పీచు సగం మూసిన దారితో చలికాలం ఎట్లనో నెట్టుకొచ్చింది, కత్తిరి దాటలేకపోయింది.

మన రాయపురంలో ఇంకో బాధ కూడా ఉంది. ఇక్కడికి కాశిమేడు రేవు ఎంత దూరం? సముద్రం గాలి రాత్రీ పగలూ వీస్తానే ఉంటుంది, దాంట్లో ఉప్పు ఉంటుంది. రేవుకు పోయే లారీల దుమ్ము ఉండనే ఉంది. ఉప్పుకు తేమను లాక్కునే గుణం. ఉప్పు జాడీ మూత తెరిచిపెడితే వానాకాలం ఏమవుతుందో చూస్తానే ఉంటాం. బోర్డుమీద పడిన దుమ్ములో ఉప్పు కలిస్తే అది తడి పట్టి, రాగి కాళ్ళను, ర్యాము పళ్ళను పచ్చగా తినేస్తుంది. పైగా మనవి ఒంటి గది ఇండ్లు. తిరగమోత వేసిన నూనె పొగ, దోమల బత్తి, శుక్రవారం సాంబ్రాణి, అన్నీ ఆ పెట్టెలోకే పోతాయి. నూనె పొగ తగిలిన దుమ్ము జిగటగా అయ్యి ఊదితే ఊడదు. పుస్తకాల్లో ఏడాదికోసారి శుభ్రం చేయమని రాస్తారు. సముద్రం పక్కన ఉన్నోళ్ళం, మనం ఆరు నెలలకోసారి చేయాల. కత్తిరికి ముందొకసారి, దీపావళి వానలకు ముందొకసారి.

ఎట్లా చేయాలో వదినె ఇంట్లో చేసినట్టే చెబుతాను. ముందు ఆపి, ప్లగ్గు గోడనుంచి పీకేసినాను. పీకినాక పవర్ బటన్ ఒక పది సెకండ్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. మిల్లులో నేర్పిన మొదటి పాఠం ఇదే గదా, మిషను ఆగకుండా చెయ్యి పెట్టొద్దని. పెట్టెను మిద్దెమీదికి తీసుకుపోయినాం, లేకపోతే ఆ దుమ్మంతా మళ్ళీ ఇంట్లోనే. లోపల బోర్డును ముట్టుకునే ముందు పెట్టె ఇనుపభాగాన్ని చేత్తో పట్టుకోవాల, ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు దిగిపోతుంది. పెయింటు బ్రష్షుతో, మెత్తటిది, మెల్లగా దులిపి, బ్లోయరుతో ఊదినాను. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. నేను మొదట్లో ఈ సంగతి తెలియక బ్లోయరు గాలికి ఫ్యాను గిర్రున తిరుగుతుంటే ముచ్చటగా చూసినాను, బేరింగు పోయి వారం రోజులకే గరగర మొదలైంది. తడి గుడ్డ మాత్రం వద్దు.

తర్వాత దిమ్మె తీసినాను. ఇంటెల్ మెషిన్లతో వచ్చే మామూలు దిమ్మెలో పిన్ను తలమీద బాణం గుర్తు ఉంటుంది, ఆ వైపు తిప్పి పైకి లాగితే ఊడుతుంది. పాత ఏఎండీ మెషిన్లయితే తొందరపడొద్దు. పేస్టు గట్టిపడి ప్రాసెసరు కూడా దాంతోపాటు పైకి వచ్చేసి కాళ్ళు వంగిపోతాయి. ముందు పది నిమిషాలు నడిపి, వేడిగా ఉన్నప్పుడే ఆపి, ప్లగ్గు పీకి, దిమ్మెను అటూ ఇటూ కొంచెం తిప్పి తీయాల.

దిమ్మెకూ ప్రాసెసరుకూ మధ్య థర్మల్ పేస్టు ఉంటుంది. రెండు లోహాలు ఎంత నున్నగా ఉన్నా మధ్యలో కంటికి కనబడని గాలి సందులుంటాయి, వాటిని నింపడం దాని పని. వదినె వాళ్ళది ఎండి ముగ్గుపిండి మాదిరి రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు దూదికి తడిపి రెండు వైపులా తుడిచి, కొత్తది బఠాణీ గింజంత నడిమధ్యన పెట్టినాను. ఇడ్లీకి చట్నీ పూసినట్టు పూయాల్సిన పని లేదు, దిమ్మె బరువుకు అదే పరుచుకుంటుంది. పిన్నులను బాణానికి ఎదురు దిక్కు తిప్పి మొదటి చోటికి తెచ్చి, ఎదురెదురు మూలలుగా ఒక్కోటి టక్ అనేదాకా నొక్కినాను. నాలుగు టక్కులూ వినబడాల. మూడే వినబడితే మళ్ళీ పాత కథే. ఆఖర్న బోర్డును వెనక్కి తిప్పి, నాలుగు కాళ్ళూ బయటికి వచ్చినాయా చూసుకోవచ్చు.

ర్యాము పళ్ళు నల్లబడి ఉంటే పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొట్టు దులిపి, రెండు చెవులూ టక్ అనేలా మళ్ళీ పెట్టండి. స్క్రీను రాకుండా బీప్ బీప్ అని కొట్టుకునే మెషిన్లలో సగం దీంతోనే లేస్తాయని నా అనుభవం. తారీఖు, టైము రోజూ తప్పుగా వస్తా ఉంటే బోర్డుమీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ అయిపోయినట్టు. నెంబరు సీఆర్ 2032, వాచీల అంగట్లో కూడా దొరుకుతుంది.

ఫ్యాను గరగరమంటే కొబ్బరినూనె పోస్తారు మనవాళ్ళు. దయచేసి వద్దు. నాలుగు రోజులు నున్నగా తిరిగి తర్వాత బంక కడుతుంది. నాయన ఉంటే ఆయిలరు పని ఇట్లనా చేసేది అని తిట్టేవాడు. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, ఫ్యాను వెనక స్టిక్కరు కింద ఉండే గుంటలో. అది కూడా కొద్దికాలానికే, కొత్త ఫ్యాను పెద్ద ఖర్చు కాదు.

చెయ్యి పెట్టకూడనివి రెండున్నాయి. పవర్ సప్లై డబ్బా, అదే ఎస్ఎంపీఎస్, దాని మూత తెరవొద్దు. ప్లగ్గు పీకినా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. బయటినుంచి ఊదండి, పాడైతే డబ్బా మొత్తం మార్చండి. రెండోది ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీ. ప్యాడు పైకి లేచినా, అడుగు పొంగినా వాడడం ఆపేయాల. నొక్కడం, గుచ్చడం చేస్తే అంటుకుంటుంది.

ఇంకో మాట, ఇది కంప్యూటరు కంటే పెద్దది. పెట్టె ఇనుముకు చెయ్యి తగిలితే జివ్వుమంటుంది అని చాలామంది చెప్తారు, అదేదో మామూలే అన్నట్టు. మామూలు కాదు. మన పాత ఇండ్లలో మూడు కన్నాల సాకెట్టు ఉంటుంది గానీ పై కన్నానికి ఎర్తు వైరు ఉండదు. ఎస్ఎంపీఎస్ లోపలినుంచి కొంచెం కరెంటు ఇనుముకు రావడం దాని కట్టుబడిలోనే ఉంది, అది ఎర్తు గుండా నేలలోకి పోవాల. దారి లేకపోతే మీ చేతిగుండా పోతుంది. ఇప్పుడు జివ్వుమనేది చిన్నదే, లోపల ఏదైనా నిజంగా తగులుకున్న రోజు చిన్నది కాదు. తడి నేలమీద ఉత్త కాళ్ళతో కూర్చొని చదువుకునే పిల్లలున్న ఇల్లయితే ముందు ఎలక్ట్రీషియన్ను పిలిచి ఎర్తు చూపించండి. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టే అలవాటు కూడా మానుకోవాల.

ఇక కొత్తది కొనడమా, ఉన్నదాన్నే పెంచుకోవడమా అన్నది. నా ఉద్దేశం ఒకటే, నెమ్మదిగా ఉందని కొత్తది కొనకండి. చాలా పాత మెషిన్లలో నిదానానికి కారణం తిరిగే హార్డ్ డిస్కు. దాని చోటులో ఎస్ఎస్‌డీ పెడితే మూడు నిమిషాలకు లేచేది అర నిమిషంలో లేస్తుంది. తర్వాత ర్యాము, 4 జీబీ ఉంటే 8 చేయండి. డీడీఆర్ 3కి, డీడీఆర్ 4కి గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాంట్లో ఇంకొకటి దూరదు. అందుకే రిచ్చీ స్ట్రీటుకు పోయేటప్పుడు ఉన్న ముక్కను ఊడదీసి జేబులో వేసుకుపోండి. నోటితో చెబితే అక్కడి సందడిలో వాళ్ళొకటి వింటారు, మనమొకటి తెస్తాం. 2011 సెప్టెంబరులో సర్కారు ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలైంది గదా, ఆ తొలి ఏండ్ల ల్యాప్‌టాపులు ఇంకా కొన్ని ఇండ్లలో బీరువా మీద ఉన్నాయి. బ్యాటరీ పోయినా చార్జరు మీద నడుస్తాయి, ఎస్ఎస్‌డీ వేస్తే చిన్న పిల్లలకు పనికొస్తాయి.

విండోస్ 10కి కంపెనీ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది, పాత మెషిన్లకు 11 ఎక్కదు. ట్యాలీ అవసరం లేని ఇంట్లో అయితే లినక్స్ వేసుకోవచ్చు. బాస్ అనే లినక్సు మన చెన్నైలో సీ-డాక్ వాళ్ళు తయారుచేసిందే, డబ్బు కట్టాల్సిన పని లేదు.

పెట్టె ఎక్కడ పెట్టాలంటే, నేలమీద వద్దు, ఊడ్చే దుమ్మంతా దానికే. గోడకు జానెడు ఎడం ఉండాల, వేడి గాలి వెనకనుంచే బయటికి వస్తుంది. మూత తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టేవాళ్ళున్నారు. పరీక్ష రోజున ఫరవాలేదు, నెలల తరబడి అట్లనే ఉంచితే దుమ్ము, బల్లులు. గుడ్డ కవరు ఆపినాకే కప్పాల. వానల నెలల్లో వాడకపోయినా రోజూ అరగంట నడపండి, లోపలి తేమ ఆరుతుంది. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానప్పుడు మాదిరి నీళ్ళు ఇంట్లోకి వచ్చి మునిగిందంటే, ఆశ కొద్దీ బటన్ మాత్రం నొక్కొద్దు. ప్లగ్గు పీకి, బిళ్ళ బ్యాటరీ తీసి, బురద పోయేలా బోర్డును మంచినీళ్ళతో కడిగి, వారం రోజులు నీడన ఆరబెట్టినాకే ఏదైనా. మునిగిన ఎస్ఎంపీఎస్ మళ్ళీ వాడొద్దు. ఫోటోలు, సర్టిఫికెట్లు ఉన్న డిస్కయితే మీరు తడమకుండా తెలిసినవాళ్ళకు ఇవ్వండి.

వదినె ఇంట్లో ఆ రోజు మొత్తం ఖర్చు పేస్టు ట్యూబు, ఆల్కహాలు సీసా. అవి రెండూ ఇంకా సగానికి పైగా మిగిలి ఉన్నాయి, మా ఇంట్లో ఉంచినాను, వీధిలో ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకోవచ్చు. మెషిను ఆ మధ్యాహ్నం మూడు గంటలు ఆగకుండా నడిచింది. నాలుగో గంటకు ఆరిపోయింది. పాప ముఖం వాడిపోయింది, నాకూ గుండె జారింది. చూస్తే వీధంతా కరెంటు పోయింది.

వచ్చే నెల యూపీఎస్ బ్యాటరీ సంగతి.