నలుపు నారాయణ మెచ్చు!

'నలుపు నారాయణ మెచ్చు' అన్న సామెత ఇప్పుడు కార్లకీ సరిపోతుంది. ఒకప్పుడు కారు దర్జా అంతా తళతళలాడే క్రోమ్‌లోనే ఉండేది. అంబాసిడర్ బంపర్‌లో ముఖం చూసుకుని తల దువ్వుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. వాళ్ల మనవలకేమో ఆ మెరుపు పాత ఫ్యాషన్. గ్రిల్, డోర్ హ్యాండిల్స్, కిటికీల కింద పట్టీ... అన్నీ నల్లగా ఉంటేనే అందమట. కంపెనీలు కూడా ఆ నాడి పట్టేసి డార్క్ ఎడిషన్, బ్లాక్ ఎడిషన్ అంటూ కార్లు దించుతున్నాయి.

ఉన్న కారుకే ఆ సోకు చేసుకోవాలంటే? ఒక స్ప్రే డబ్బా, ఒక ఆదివారం చాలనుకుంటారు చాలామంది. నిజానికి రంగు కొట్టడం పది నిమిషాల పనే. అది నిలుస్తుందా ఊడుతుందా అన్నది మాత్రం డబ్బా మూత తీయకముందే తేలిపోతుంది.

ఎందుకు ఊడుతుంది?

ఇప్పటి కార్లలో క్రోమ్‌లా మెరిసేవాటిలో చాలావరకు లోహం కాదు, ఏబీఎస్ ప్లాస్టిక్. దానిమీద పలుచగా రాగి, నికెల్, క్రోమియం పూతలు ఉంటాయి. అద్దంలాంటి ఆ నునుపు మీద రంగుకు పట్టు దొరకదు. బంపర్ల అంచుల్లోనూ చక్రాల చుట్టూనూ ఉండే నల్లటి భాగాలది మరో తంటా. అవి ఎక్కువగా పాలీప్రొపిలీన్ రకం. రంగు అంత తేలిగ్గా అంటుకోని ప్లాస్టిక్ ఇది. ఎండకు తెల్లబారింది కదా అని నేరుగా నల్లరంగు కొడితే వారం రోజులు కొత్త కారులా మురిపిస్తుంది. వాటర్ సర్వీసింగ్‌కి తీసుకెళ్లిన రోజు పైపు ధాటికి పొరలు పొరలుగా లేచిపోతుంది.

ఇంకో దొంగ శత్రువు ఉంది. మెరుపు కోసం రుద్దే పాలిష్‌లలో సిలికాన్ ఉంటే, అది మిగిలిన చోట రంగు పరుచుకోదు. చేపకళ్లలా గుంటలు పడతాయి.

వరుస తప్పొద్దు

వీలైతే ఆ భాగాన్ని విప్పి తీయండి. క్లిప్పులు విరుగుతాయన్న భయముంటే చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, మిగతా కారంతా కప్పేయండి. షాంపూతో కడిగి ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన బట్టతో జిడ్డు తుడవండి. క్రోమ్ అయితే 400 నంబరు వాటర్ పేపర్‌తో, తర్వాత 600 నంబరుతో తడిపి రుద్దాలి. మెరుపు పోయి మసకబారితే పట్టు దొరికినట్టే. మళ్లీ తుడిచి ప్రైమర్ వేయండి. పాలీప్రొపిలీన్ అయితే ముందుగా, రంగు అతుక్కోవడానికి ప్లాస్టిక్ కోసమే చేసిన అడ్హెషన్ ప్రమోటర్ కొట్టాలి.

తర్వాతే రంగు. డబ్బాను జానెడు దూరంలో పట్టుకుని, ఒకేచోట ఆపకుండా పలుచగా కొట్టాలి. మొదటి పూతలో అడుగు కనిపించినా కంగారొద్దు. డబ్బా మీద రాసినంత సేపు ఆగి రెండోది, మూడోది వేయండి. ఒకేసారి దట్టంగా కొడితే కన్నీటి ధారల్లా కారుతుంది. పైన క్లియర్ కోట్ వేస్తే ఎండను తట్టుకుంటుంది. టేపును రంగు పూర్తిగా గట్టిపడకముందే నెమ్మదిగా లాగేయాలి. లేకపోతే అంచు కూడా దాంతోపాటే వస్తుంది. కొన్ని వారాలపాటు ప్రెషర్ వాష్, పాలిష్ జోలికి వెళ్లొద్దు.

వేళ, చోటు

మే నెల మధ్యాహ్నం కొడితే రంగు దారిలోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. ముసురు రోజుల్లో తేమకు పాలలా తెల్లబారుతుంది. చలికాలంలో మంచు విడిచాక, గాలి లేని పూట మంచిది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దు. గాలాడదు, పైగా ఎగిరిన రంగు తుంపరలు పక్కింటివారి తెల్లకారు మీద చుక్కలు పెడతాయి. ఆ తగువు ముందు మీ ముచ్చట ఎంత!

మూతికి చేతిరుమాలు కట్టుకుంటే సాల్వెంట్ ఆవిరి ఆగదు. ఆర్గానిక్ వేపర్ క్యార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు కావాలి. పిల్లల్నీ గర్భిణుల్నీ దగ్గరకు రానీయొద్దు. దగ్గర్లో పొయ్యి, సిగరెట్ ఉండకూడదు. హార్డెనర్ కలిసిన 2కె క్లియర్ కోట్ ఇంట్లో అసలే వద్దు. అందులోని ఐసోసైనేట్లు ఆస్తమా తెప్పించగలవు. ఆ పనిని తగిన రక్షణ, గాలి ఏర్పాట్లు ఉన్న పెయింటింగ్ షెడ్డుకే వదిలేయండి.

వీటి జోలికొద్దు

లైట్లకు, నంబర్ ప్లేటుకు రంగు తగలకూడదు. పార్కింగ్ సెన్సర్లనూ వదిలేయండి. ముందున్న వాహనాన్ని గుర్తించి బ్రేకు వేసే కార్లలో రాడార్ గ్రిల్ వెనుకో, లోగో వెనుకో ఉండొచ్చు. అక్కడ రంగేస్తే దాని చూపు మందగించవచ్చు. సర్వీస్ సెంటర్‌లో అడగనిదే ముట్టుకోవద్దు. ఇక బాడీ రంగు ఆర్సీలో నమోదై ఉంటుంది. దాన్నే మార్చాలనుకుంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి.

ఒక్కటి మరవొద్దు. వాటర్ పేపర్ పెట్టి గీకిన క్రోమ్ మళ్లీ రాదు. అందుకే ముందు అద్దం కవరులాంటి చిన్న భాగంతో చెయ్యి సాధన చేయండి. మనసు మారుతుందన్న అనుమానముంటే, వద్దనుకున్నప్పుడు తొక్కలా ఒలిచేసే రబ్బరు పెయింటో, వినైల్ స్టిక్కరో వాడండి. అన్నిటికన్నా తెలివైన దారి మరొకటుంది. పాత విడిభాగాల దుకాణంలో మీ మోడల్ గ్రిల్ ఒకటి వెతికి కొని, ప్రయోగాలన్నీ దానిమీద చేయండి. అసలు గ్రిల్‌ని బట్టలో చుట్టి అటకెక్కించండి. రేపు కారు అమ్మేటప్పుడు, కొనేవాళ్లకు ఆ మెరుపే నచ్చొచ్చు!