కృతిపతి ఎవరు?

మనుచరిత్రలో ఆశ్వాసం ముగిసిన చోట ఒక గద్య ఉంటుంది. పెద్దన ఎవరి కొడుకో, ఆయన బిరుదేమిటో, ఇది ఏ కావ్యంలో ఎన్నో ఆశ్వాసమో అది చెబుతుంది. ఆయన్ను పోషించి, కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న శ్రీకృష్ణదేవరాయలవారు కృతిపతిగా అవతారికలో కనిపిస్తారు. తాటాకు కట్ట చెదిరినా పోల్చుకోవడానికి ఆ గద్యే ఆధారం. ఇలాంటి వివరాలనే ఇప్పటి వాళ్లు మెటాడేటా అంటున్నారు.

నేటి పరిశోధనకు కృతిపతి పన్ను కట్టే జనం. 2023 జనవరి నుంచి యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు. ఆ సొమ్ముతో ఏ పని జరిగిందో కృతిపతికి తెలియాలి కదా!

2009 నిబంధనలతో యూజీసీ పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు అడగడం మొదలుపెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం వాటిని శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉంచుతోంది. బీరువాల్లో తాళం పడ్డ నల్ల అట్టల పుస్తకాలు బయటికొచ్చాయి. మేలే జరిగింది, కాదనం. కానీ గురజాడ మీద ఎవరేం రాశారో వెతకబోండి. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరుకు కొందరు 'జె' వాడతారు, కొందరు 'జెడ్'. పోతనకు 'టి' పక్కన 'హెచ్' ఉంటుందో లేదో రాసినవారి అలవాటు. తెలుగులో రాసి, తెలుగు శాఖకు సమర్పించిన గ్రంథం కూడా ఇంగ్లీషు అక్షరాల్లో నమోదైతే తెలుగులో వెతికేవాడికి చిక్కదు. ముందు జరిగిన పని కనబడదు కనుక అదే కవి మీద అదే అంశంతో మరొకరు మూడేళ్లు ధారపోస్తారు.

గ్రంథం మొత్తం తెరవమంటే పరిశోధకులు వెనకాడడంలో న్యాయముంది. రేపు పుస్తకంగా వేసుకోవాలనుకుంటారు. పేరు, పర్యవేక్షకుడు, శాఖ, ఏడాది, కీలకపదాలు, సొమ్మెవరిచ్చారు అన్న వివరాలకు ఆ చిక్కు లేదు. వాటిని ఒక్కొక్కటిగా చూపించడం చాలదు, మొత్తం జాబితా ఎవరైనా దించుకుని వాడుకునేలా ఉండాలి. 2024 ఏప్రిల్‌లో వెలువడిన బార్సెలోనా ప్రకటన కోరిందీ ఇంచుమించు ఇదే: పరిశోధన సమాచారం చందా గోడల వెనక ఉండకూడదని. (మన పత్రికల పాత సంచికల్లో ఎన్నిటికి విషయసూచికలున్నాయని అడిగితే మేమూ తలదించుకోవాల్సిందే.)

పీహెచ్‌డీ చేసిన పాఠకులకు ఒక మనవి. మీ గ్రంథం పేరు తెలుగు అక్షరాల్లో కొట్టి శోధ్‌గంగలో వెతకండి. కనబడకపోతే మీ శాఖకు ఉత్తరం రాయండి, మాకూ ఒక ప్రతి పంపండి.