పోయిన సొమ్మునకు పూచీ యెవరిది?

ఆలూరు, ఆదోని ప్రాంతములందు వానలు మోసగించిన యేడు గ్రామములు సగము ఖాళీయగుట క్రొత్త సంగతి కాదు. మిరపకోతలకు గుంటూరుసీమకును, కట్టడపుపనులకు బెంగుళూరునకును కుటుంబములు తరలిపోవుచున్నవి. పంట పండిన యేట పత్తి యమ్మి కొనిన నాలుగు తులముల బంగారమే ఆ తాళము వేసిన యింటి నిధి. ఆ తాళము పగిలిననాటి దుఃఖమును వేఱుగ చెప్పనక్కఱలేదు. బీమా కంపెనీ ఆదుకొనునని నమ్మి ప్రీమియము కట్టినవారికి పిమ్మట రెండవ దుఃఖము కలుగుచున్నది.

మొదటి చిక్కు మాటలయందే కలదు. జనసామాన్యమునకు దొంగతనమన్న దొంగతనమే. పాలసీ భాష వేఱు. బలప్రయోగముతో జరిగిన చౌర్యమునకే రక్షయని పాలసీలో నిర్వచించియున్నచో, అది లేని దొంగతనమునకు కంపెనీ పూచీపడదని 2004లో హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తాళము పగులగొట్టిన నొక న్యాయము, తెఱచిన తలుపున దూరిన నొక న్యాయము! 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ‘భారత్ గృహరక్ష’ పాలసీలో, అగ్నిప్రమాదము, వరద మున్నగునవి సంభవించిన యేడు దినములలోపల, వాని మూలమున జరిగిన దొంగతనమునకే రక్ష కలదు. నగలను వేఱుగ కోరి చేర్పించుకొనవలయును. పేరు వినిన గ్రామస్థుడు ఇల్లంతటికిని రక్షయనియే తలచును. పెక్కునాళ్లు మూసియుంచిన యింటికి రక్ష వర్తింపదను నియమమును అనేక పాలసీలలో కలదు. వలసపోవు సీమకు ఇంతకంటె గొడ్డలిపెట్టేమి?

రెండవ చిక్కు వెల. పాలసీలో వ్రాసిన మొత్తమునకు మించి కంపెనీ యియ్యదు. బంగారపు ధర యానాటిది కాదు. తక్కువ మొత్తమునకు బీమా చేయించితిరని, ఆ పాళ్లలో పరిహారమును తగ్గించుటయు కలదు. 4 లక్షల నగలకు 2 లక్షలకే బీమా యున్నచో, పోయిన లక్షరూపాయల హారమునకు చేతికి వచ్చునది 50 వేలే. ఇక అమ్మమ్మనాటి కాసులపేరునకు రసీదు తెమ్మన్న నెవరు తేగలరు?

కంపెనీల పక్షమునను న్యాయము లేకపోలేదు. లేని నగను ఉన్నదని చెప్పువారును లోకమున కలరు. కాని తూకము, వెల, ఋజువు — ఈ ప్రశ్నలన్నియు ప్రీమియము పుచ్చుకొనునాడు అడుగవలసినవి. సొమ్ము పోయిన పిమ్మట కాదు. ఏ దొంగతనమునకు రక్ష కలదో, దేనికి లేదో తెలుగున చదివి వినిపించి పాలసీ నమ్ముటయే ధర్మము.

గృహస్థులును తమ విధిని మఱువరాదు. నగల తూకము, ఛాయాచిత్రము, రసీదులు ఇంటివెలుపల నొకచోట భద్రపఱుపవలయును. క్రొత్తనగలపై హాల్‌మార్కుతో నుండు ఆఱక్షరముల గుర్తును వ్రాసియుంచవలయును. దొంగతనము తెలిసిన తోడనే పోలీసులకును, కంపెనీకిని తెలియజేయవలయును. కంపెనీ కాదన్నచో ఏడాదిలోపల హైదరాబాదునందలి బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే మొఱపెట్టుకొనవచ్చును; 50 లక్షలవఱకు పరిహార మిప్పించు నధికారము ఆయనకు కలదు. వినియోగదారుల కమిషనును రెండేండ్లలోపల నాశ్రయింపవచ్చును.

దొంగ చీకటిలో వచ్చును. బీమా షరతులైనను వెలుగులో నుండవలదా?