అందరి పాపం, ఎవరి తప్పు?

1857 అక్టోబరు 7, బుధవారం. విక్టోరియా రాణి పేరిట వెలువడిన ప్రకటన మేరకు ఆ రోజు బ్రిటన్‌లో ఉపవాసం, ప్రార్థన. జనం పనులు మాని చర్చిలకు వెళ్లారు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్పర్జన్ అనే ఇరవైమూడేళ్ల బోధకుడి మాటలు వినడానికి 23,654 మంది వచ్చారని లెక్క తేలింది. సందర్భం మన దేశానిదే, సిపాయిల తిరుగుబాటు. తమ పాపాలకు క్షమాపణ వేడుకోవాలి, భారతదేశంలో శాంతి నెలకొల్పేందుకు తమ సైన్యానికి దైవసహాయం అర్థించాలి అన్నది ప్రకటన సారం. అప్పటికి ఢిల్లీ ఇంగ్లీషు సేనల వశమై రెండు వారాలు దాటింది. ఆ నగరంలో జరిగిన దోపిడీ, ఊచకోతల కబురు లండన్‌కు ఇంకా అందలేదు. అంతకుముందు జూన్‌లోనే మద్రాసు ఫ్యుజిలియర్స్ అధికారి నీల్ సేనలు అలహాబాదు పరిసరాల్లో ఊళ్లు తగలబెట్టి, దొరికినవారిని దొరికినట్టు ఉరితీశాయి. ఒప్పుకోదలిస్తే పాపాలకు కొదవ లేదు. కానీ ప్రకటనలో ఉన్నది ‘మన పాపాలు’ అన్న మాట ఒక్కటే. 1856లో అవధ్‌ను కలిపేసుకున్న సంగతి గానీ, వారసులు లేరన్న సాకుతో సంస్థానాలు మింగిన సంగతి గానీ, కంపెనీ ఏలుబడి గానీ అందులో లేవు.

సర్కారు ప్రకటించే పశ్చాత్తాపంలో ఉన్న లోపమంతా ఇక్కడే ఉంది. ప్రజలు ప్రార్థించడం తప్పు కాదు, పాలకుడు దేవుణ్ణి తలచుకోవడమూ తప్పు కాదు. నిర్ణయాలు చేసింది కొందరైతే, వాటి ఫలితానికి అందరి చేతా లెంపలు వేయించడం తప్పు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం అని మన సామెత. ఇక్కడ అది తలకిందులవుతుంది: అందరూ పాపులే, రొయ్యలు తిన్నవాడి పేరు మాత్రం ఎవరూ చెప్పరు. ఇది విక్టోరియాకు తెలియని సంగతేమీ కాదు. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో ఇలాంటి దినం ప్రకటించాలన్నప్పుడు, ఒక్క మనిషి దురాశ తెచ్చిన యుద్ధానికి జాతి పాపాలను కారణంగా చెప్పడం కపటమని ఆమె ప్రధాని అబర్డీన్‌కు రాశారు. ఆ ఒక్క మనిషి రష్యా జారు. దోషి పరాయివాడైనప్పుడు వేలెత్తి చూపడం తేలికే. మూడేళ్ల తర్వాత దోషం సొంతింటిదైనప్పుడు అంత కచ్చితమైన మాట ఆమె పేరిట వెలువడిన ప్రకటనలో లేకపోయింది.

ఐర్లండ్ కరువు ఇంతకన్నా కఠోరమైన ఉదాహరణ. బంగాళాదుంప పంట తెగులుతో పోయి జనం రాలిపోతుంటే, 1847 మార్చి 24ను ప్రభుత్వం ఉపవాస దినం చేసింది. ఆకలితో చస్తున్న దేశం కోసం కడుపు నిండినవాళ్లు ఒక పూట మానుకోవడంలో దయ లేదనలేం. అయితే సరిగ్గా నాలుగు రోజుల ముందు, మార్చి 20 నుంచి, అక్కడి కరువు పనుల్లో ఉన్న కూలీలలో నూటికి ఇరవై మందిని తీసేయాలన్న ఖజానా శాఖ ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. ఆ పనుల్లో ఉన్న కూలీలు అప్పటికి ఏడు లక్షల పైచిలుకు. బదులుగా తెరుస్తామన్న గంజి కేంద్రాలు చాలాచోట్ల ఇంకా మొదలు కాలేదు. ఐర్లండ్ రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. ఆ శాఖను నడిపిన చార్లెస్ ట్రెవెల్యన్ కరువును దైవ విధిగా భావించిన మనిషి. పన్నెండేళ్లకు ఆయనే మద్రాసు గవర్నరై మన జిల్లాలనూ ఏలాడు. తెగులు దైవికమని అనుకున్నా, కూలీల తొలగింపు కాగితం మీద సంతకంతో జరిగింది. ఉపవాసం ఆ రెంటినీ ఒకే గాటన కట్టి, రెండో దానికి జవాబు చెప్పే అవసరం లేకుండా చేసింది.

దీనికి చెప్పే మొదటి అభ్యంతరం: ప్రకటన మౌనంగా ఉన్నా, ప్రసంగ వేదికలు మౌనంగా లేవు కదా. నిజమే. 1857 ఉపవాస దినాన నల్లమందు వ్యాపారాన్ని దుయ్యబట్టిన బోధకులు ఉన్నారు. స్పర్జన్ కూడా భారతదేశంలో ప్రభుత్వం చేసిన పాపాలు నల్లనివి, లోతైనవి అన్నాడు. అయితే అదే నోటితో తిరుగుబాటుదారులను కఠినంగా శిక్షించాలనీ అన్నాడు. రెండు మాటల్లో ఏది నెరవేరిందో చరిత్ర చెబుతుంది. మరుసటి ఏడాది కంపెనీ పాలన ముగిసింది గానీ, అది పార్లమెంటు చట్టంతో వచ్చిన మార్పు. నల్లమందు వ్యాపారం దశాబ్దాల పాటు సాగింది. వేదిక మీది విమర్శకు విలువ లేదని కాదు. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ రోజును ప్రకటించినవాళ్ల మీద లేకపోయిందన్నదే నా అభ్యంతరం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఆపద వేళ జాతికి ఓదార్పు కావాలి, ఒక్కటయ్యే సందర్భం కావాలి అంటారు. అమెరికా అంతర్యుద్ధం దీనికి సమాధానం చెబుతుంది. 1863లో దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ మార్చి 27ను, ఉత్తరాదిన లింకన్ ఏప్రిల్ 30ను ఉపవాస దినాలుగా ప్రకటించారు. నెల రోజుల తేడాతో రెండు పక్షాలూ ఒకే దేవుణ్ణి వేడుకున్నాయి. లింకన్ ప్రకటన ఎంత గంభీరమైనదైనా, అందులో గర్వం ఉంది, దైవాన్ని మరవడం ఉంది, బానిసత్వం మాత్రం లేదు. యుద్ధానికి కారణం బానిసత్వమేననీ, ఆ దోషంలో ఇరుపక్షాలకూ భాగముందనీ ఆయన ధ్యానించింది రెండేళ్ల తర్వాత, 1865 మార్చి 4 నాటి ప్రమాణ స్వీకార ప్రసంగంలో. ఆ మాట చెప్పడానికి ఎవరినీ పస్తు ఉంచనక్కర్లేకపోయింది. ఇక, పాటించేది ఇష్టమైనవాళ్లే కదా, బలవంతం ఏముంది అన్నవారికి అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1808లోనే బదులిచ్చాడు: అధికారంలో ఉన్నవాడి సిఫారసుకు జరిమానా లేకపోయినా, పాటించనివాడి మీద లోకనింద పడుతుంది, అదీ శిక్షే. 1832లో లండన్‌లో కలరా ఉపవాసాన్ని ధిక్కరించి, ఏడాది పొడుగునా పస్తులుండే పేదలకు ఇంకో పస్తు ఎందుకని ఊరేగిన విలియం లవెట్, మరి ఇద్దరు కార్మిక నాయకులు కోర్టు బోనెక్కాల్సి వచ్చింది. వారు నిర్దోషులుగా బయటపడ్డారు. 1853లో కలరా మళ్లీ వచ్చినప్పుడు ఎడిన్‌బరో మతపెద్దలు ఉపవాస దినం కోరితే, హోం మంత్రి పామర్‌స్టన్ ముందు పేదల వాడల్లో మురికి తీయించండని తిప్పి పంపాడు. ఇరవై ఒక్క ఏళ్లలో లవెట్ వాదన మంత్రి నోటికి చేరిందన్నమాట.

అలాగని ఇలాంటి రోజులన్నీ బూటకాలే అనను. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలన్న నెపంతో పందొమ్మిది మందిని ఉరితీశారు, ఒకరిని బండరాళ్ల కింద నలిపి చంపారు. 1697 జనవరి 14ను అక్కడి ప్రభుత్వం ఉపవాస దినంగా ప్రకటించి, ఆ విషాదాన్ని ప్రకటనలోనే ప్రస్తావించింది. తీర్పులిచ్చిన న్యాయమూర్తుల్లో ఒకడైన శామ్యూల్ సూయల్, తన ఒప్పుకోలు పత్రాన్ని పాస్టర్ చదువుతుంటే, బోస్టన్ చర్చిలో అందరి ఎదుటా లేచి నిలబడ్డాడు. పన్నెండు మంది జ్యూరీ సభ్యులు క్షమాపణ రాసిచ్చారు. 1711లో పలు కుటుంబాలపై నింద తొలగించి, పరిహారం ఇచ్చారు. ప్రధాన న్యాయమూర్తి స్టౌటన్ మాత్రం చివరిదాకా నోరు విప్పలేదు. అంటే ఇదీ సంపూర్ణం కాదు. అయినా కొలబద్ద ఇక్కడ దొరుకుతుంది: జరిగిన తప్పు పేరు చెప్పాలి, చేసినవాడు తన నోట ఒప్పుకోవాలి, ఆ తర్వాత నష్టం పూడ్చాలి.

మన దేశంలో 1965 నాటి లాల్ బహదూర్ శాస్త్రి పిలుపు ఈ కొలతకు దగ్గరగా నిలుస్తుంది. సోమవారం రాత్రి భోజనం మానమన్నప్పుడు ఆయన దేవుడి కోపం సంగతి ఎత్తలేదు. తిండిగింజలు చాలడం లేదని, అమెరికా గోధుమల మీద ఆధారపడ్డామని దాచకుండా చెప్పారు. పస్తు ముందు తన ఇంట్లో మొదలుపెట్టారు. అదే ఏడాది ఆహార సంస్థ, ధరల కమిషన్ వచ్చాయి, కొత్త విత్తనాలకు దారి తెరుచుకుంది. సోమవారం ఒక్కపొద్దు మన ఇళ్లకు కొత్త కాదు గనుక, జనం ఆ మాట విన్నారు. కరువు వేళ దేవాదాయ శాఖ వరుణ యాగం చేయిస్తే, భక్తుడిగా దానికి మొక్కేవారిని ఎవరూ కాదనరు. కానీ యాగం జరిగిన జిల్లాలో పూడిక తీయని చెరువులెన్ని, కట్టని బీమా ఎంత అన్న లెక్క దాని పక్కనే ఉండాలి. ఒక మత ప్రచారానికని పన్ను వసూలు చేయరాదన్న 27వ అధికరణం మన రాజ్యాంగంలో ఉంది. అంతకు ముందే ఉండాల్సింది పాలకుడి జవాబుదారీ. ఇక మీదట ఏ ప్రభుత్వమైనా ప్రజలను ఉపవాసానికో ప్రార్థనకో పిలిస్తే, ఆ ఉత్తర్వుతో పాటు తన తప్పుల జాబితా, వాటిని సరిదిద్దే గడువు కూడా విడుదల చేయమని అడగాలి. జాబితా లేని పిలుపుకు మనం కదలనక్కర్లేదు.